న్యూట్రాన్ తార గర్భమున నేమున్నది?

ముప్పది యేండ్ల క్రిందట నేనొక పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా నుండగా, ఒకనాడు ఎనిమిదవ తరగతి విద్యార్థులను ప్రత్తి బేళ్లు కట్టు కర్మాగారమునకు తీసికొనిపోయితిని. అచ్చట గది నిండ రాశిగా పోసిన దూదిని కార్మికులు ఇనుప పెట్టెలో నింపుచుండిరి. యంత్రము దానిని గట్టిగా నొక్కుచుండెను. చూచుచుండగనే ఆ దూది రాశి కొన్ని బేళ్లుగా మారిపోయెను. వ్రేలితో పొడిచినను లోనికి దిగనంత గట్టిగా నుండెను. దానిని చూచి ఒక బాలుడు నన్నిట్లడిగెను: "మాస్టరుగారూ! దూదిని నొక్కినచో బేలైనది గదా! ఈ బేలును ఇంకను నొక్కినచో రాయి యగునా? ఆ రాతిని కూడ నొక్కినచో ఏమగును?"

"ఒక మేర దాటిన పిమ్మట ఏ వస్తువును నొక్కుటకు వీలుపడదు, నాయనా!" అని నేను చెప్పితిని. తక్కిన బాలురు నవ్విరి. అతడు సిగ్గుపడి యూరకుండెను. ఆ ప్రశ్న నవ్వదగినది కాదనియు, నా సమాధానమే చాలినది కాదనియు నేను తరువాత చదివి తెలిసికొంటిని. పదార్థమును ఎంతవరకు నొక్కవచ్చును? నొక్కగా నొక్కగా తుదకది యేమగును? ఈ ప్రశ్ననే నేడు గొప్ప శాస్త్రజ్ఞులును అడుగుచున్నారు. మానవుడు నిర్మింపజాలని యంత్రమొకటి యాకాశమున ఈ పనిని చేయుచున్నది. దానికి న్యూట్రాన్ తార యని పేరు. దాని గర్భమున నేమున్నదో విచారింతము.

మొదట మనము రాతినే పరిశీలింతము. రాయి గట్టిదని మన మనుకొందుము. కాని అందలి పరమాణువులు దాదాపు శూన్యములు. ప్రతి పరమాణువు నడుమను కేంద్రకము కలదు. అందు ప్రోటానులు, న్యూట్రానులు అను కణములుండును. దాని చుట్టును ఎలక్ట్రాను లుండును. పరమాణువును కిలోమీటరు వెడల్పు గల ఊరుగా నూహించుకొనుడు. ఊరి నడుమ నున్న గోలీకాయయో నిమ్మకాయయో కేంద్రకము! పరమాణువు యొక్క బరువంతయు ఇంచుమించు ఆ నిమ్మకాయలోనే యున్నది. తక్కిన ఊరంతయు ఖాళీ. కావున రాయి యనునది యింకను నొక్కదగిన దూది వంటిదే. అయితే దానిని నొక్కగల బలమెక్కడిది?

ఆ బలము గురుత్వాకర్షణమునకు కలదు. నక్షత్రము తన బరువుచేత తానే లోనికి క్రుంగవలెనని చూచును. దాని నడుమ హైడ్రోజను మొదలగు వాయువుల కేంద్రకములు ఒకదానితో నొకటి కలిసి వేడిమిని పుట్టించును. ఆ వేడిమివలన కలిగిన పీడనము బరువునకు ఎదురు నిలుచును. ఈ రెండును సమముగా నున్నంతకాలము నక్షత్రము నిలకడగా వెలుగుచుండును. ఇంధనము తీరిపోయినప్పుడు బరువుదే పైచేయి యగును.

అప్పుడేమి జరుగునో తెలిసికొనుటలో మన దేశీయుని పాత్ర గొప్పది. సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, 1930లో పందొమ్మిదేండ్ల వయస్సున ఓడ నెక్కి ఇంగ్లండునకు పోయెను. సముద్రముమీద ప్రయాణము చేయుచు నతడు, చల్లారిన నక్షత్రము తన బరువును ఎంతవరకు మోయగలదో లెక్క కట్టెను. ఆ లెక్కకు మూలమైన నియమమును 1925లో పౌలీ యను శాస్త్రజ్ఞుడు తెలిపెను. ఎలక్ట్రాను వంటి ఒకే జాతి కణములు రెండు ఒకే స్థితిలో నుండజాలవు. పాఠశాలలో ఒక్కొక్క చోట ఒక్క విద్యార్థియే కూర్చుండవలెనని నియమ మున్నదనుకొనుడు. క్రింది తరగతి గదులు నిండినచో, క్రొత్తగా వచ్చినవారు మేడమీదికి పోక తప్పదు. అట్లే పదార్థమును నొక్కినకొలది ఎలక్ట్రానులు మరింత శక్తి గల పై స్థితులకు పోవలసివచ్చును. వేడిమి లేకున్నను ఇందువలన పీడనము కలుగును. ఆ పీడనమే శ్వేతకుబ్జము లను చిన్న నక్షత్రములను నిలువబెట్టుచున్నది. కాని సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు మించినచో ఆ పీడనము చాలదని చంద్రశేఖరుని పరిశోధనవలన తేలెను. ఆ హద్దునకు నేడు చంద్రశేఖర పరిమితి యని పేరు. నక్షత్రములను గూర్చి యతడు చేసిన కృషికి 1983లో నోబెల్ బహుమానము లభించెను.

సూర్యునికంటె ఎనిమిది రెట్లకు మించిన బరువుతో పుట్టిన నక్షత్రములలో పెక్కింటి నడిభాగము తుదకు ఇనుముగా మారి ఈ హద్దును దాటును. అప్పుడు ఎలక్ట్రానులు ప్రోటానులలోనికి నెట్టబడి, రెండును కలిసి న్యూట్రానులగును. భూమి యంత పరిమాణము గల ఆ నడిభాగము సెకను కంటె తక్కువ కాలములో కొన్ని పదుల కిలోమీటర్ల ముద్దగా కూలిపోవును. పై పొరలు సూపర్‌నోవా యను మహావిస్ఫోటనముగా చెదరిపోవును. మిగిలిన ముద్ద చల్లబడి యింకను కుదించుకొని న్యూట్రాన్ తార యగును. సూర్యునికంటె ఎక్కువ బరువు గల వస్తువు, అడ్డముగా సుమారు 25 కిలోమీటర్లు మాత్రమే యుండును! ఒక పెద్ద పట్టణమంత స్థలము దానికి చాలును. దానిమీద గురుత్వాకర్షణము భూమిమీది దానికి పదివేల కోట్ల రెట్లకు మించియుండును.

కేంబ్రిడ్జిలో చాడ్విక్ న్యూట్రానును కనుగొన్నది 1932లో. రెండేండ్లకే, 1934లో, బాడే, జ్విక్కీ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఇట్టి తారలుండవచ్చునని ప్రకటించిరి. అయినను మూడు దశాబ్దములకు పైగా అది కాగితముమీది యూహగానే నిలిచెను. 1967లో కేంబ్రిడ్జియందే జోస్లిన్ బెల్ అను పరిశోధక విద్యార్థిని, రేడియో దూరదర్శిని గీసిన కాగితములను ప్రతిదినము అడుగడుగును పరిశీలించుచుండెను. దినమునకు సుమారు 30 మీటర్ల కాగితము వచ్చుచుండెను. అందొకచోట ఆమెకు చిన్న గుర్తు కన్పట్టెను. ఇతరులైనచో దోషమని త్రోసిపుచ్చెడివారే. ఆమె విడువక వెంటాడగా, అది 1.34 సెకనులకొకమారు తప్పక వచ్చుచున్న రేడియో స్పందన మని తేలెను. గిరగిర తిరుగుచు, దీపస్తంభమువలె కిరణములను చుట్టును త్రిప్పు న్యూట్రాన్ తార యొక్క గుర్తది. ఇట్టి తారలకు పల్సార్లు అని పేరు వచ్చెను. ఆ శోధనకు 1974లో ఆమె ఆచార్యుడైన హ్యూవిష్‌కు నోబెల్ బహుమానము లభించినది గాని ఆమెకు లభింపలేదు. 2018లో తనకు వచ్చిన 30 లక్షల డాలర్ల వేరొక బహుమానమును ఆమె పేద, వెనుకబడిన వర్గముల విద్యార్థుల భౌతికశాస్త్ర పరిశోధనలకై దానము చేసెను.

ఇక మనము తార లోనికి దిగుదము. పైన కొన్ని సెంటీమీటర్ల మందము గల వాయుపొర యుండును. దాని క్రింద సుమారు కిలోమీటరు మందమున గట్టి పెంకు కలదు. పెంకు పై భాగమున ఇనుము వంటి కేంద్రకములు వరుసలు తీరి యుండును. లోనికి పోయినకొలది కేంద్రకములలో న్యూట్రానులు పెరుగును. కొంత లోతున కేంద్రకములు వానిని పట్టియుంచజాలవు. పొంగిన కుండనుండి నీరు కారినట్లు న్యూట్రానులు వెలికి కారును. పెంకు అడుగున, ఒత్తిడికి కేంద్రకములు తమ గుండ్రని రూపమును కోల్పోయి, కడ్డీలవలెను పలకలవలెను సాగియుండునని లెక్కలు చెప్పుచున్నవి.

పెంకును దాటినచో గర్భము మొదలగును. అచ్చట విడివిడి కేంద్రకములే లేవు. అంతయు న్యూట్రానుల ద్రవము. అందు కొద్దిపాళ్లు ప్రోటానులు, ఎలక్ట్రానులు, మ్యువానులు అను కణములు కలిసియుండును. కేంద్రకములోని పదార్థమును ఒక్క ఘన సెంటీమీటరు, అనగా పేలాల ఉండలో నలుసంత, తీసినచో అది సుమారు 28 కోట్ల టన్నులు తూగును. గర్భములోని పదార్థము దానికి సమానముగనో, అంతకు మించియో యుండును.

ఈ ద్రవము సామాన్యమైనది కాదు. అందలి న్యూట్రానులు జంటలు కట్టి, రాపిడి యనునది లేక ప్రవహించునని 1959లో మిగ్దాల్ అను రష్యా శాస్త్రజ్ఞుడు సూచించెను. దీనిని అతిద్రవత్వ మందురు. ప్రోటానులును జంటలు కట్టి, విద్యుత్తును అడ్డులేక ప్రవహింపజేయును. దీనికి కొంత సాక్ష్యమును కలదు. పల్సార్ల భ్రమణవేగము నానాటికి మెల్లగా తగ్గుచుండును. కాని 1969లో వేలా యను పల్సార్ హఠాత్తుగా వేగము పుంజుకొనెను. మరల మరల అట్లే జరుగుచున్నది. ఇది యెట్లు? నీటికుండను గిరగిర త్రిప్పి యాపినచో, కుండ నిలిచినను లోని నీరు కొంతసేపు తిరుగుచునే యుండును గదా! అట్లే తార పెంకు వేగము తగ్గినను, లోపలి అతిద్రవము మునుపటి వేగముతోనే తిరుగుచుండును. ఒక్కొక్కప్పుడా వేగములో కొంత పెంకునకు చేరును. అప్పుడు తార త్వరపడినట్లు మనకు కన్పట్టును.

ఇంతవరకు మనకు కొంత తెలియును. ఇంకను లోపలికి, తార నట్టనడుమకు పోయినచో, సాంద్రత కేంద్రకములోని దానికి అనేక రెట్లుండును. న్యూట్రానులు ఒకదానిపై నొకటి పడునంతగా నొక్కబడును. బాలుడడిగిన ప్రశ్న యిచ్చట మనకు మరల ఎదురగును: ఇంకను నొక్కినచో ఏమగును?

శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానములు ముఖ్యముగా మూడు. న్యూట్రానులు న్యూట్రానులుగనే యుండి, ఒకదాని నొకటి గట్టిగా నెట్టివేయుచు బరువును మోయునని కొందరందురు. న్యూట్రానులలో కొన్ని హైపెరానులు అను బరువైన కణములుగా మారునని మరికొందరందురు. ప్రయోగశాలలో హైపెరానులు సెకనులో వందకోట్లవ వంతుకంటె తక్కువ కాలములో నశించును. తార నడుమ మాత్రము అవి నశించుటకు వీలులేక నిలిచియుండవచ్చును.

మూడవది మరింత విచిత్రమైనది. న్యూట్రాను, ప్రోటాను అనునవి మూలకణములు కావు. ఒక్కొక్కటియు మూడు క్వార్కులతో నేర్పడినదని 1964లో గెల్‌మాన్, జ్వైగ్ అను వారు వేర్వేరుగా సూచించిరి. తరువాతి ప్రయోగములు దానిని నిరూపించినవి. బూందీలడ్లను గిన్నెలోవేసి గట్టిగా నొక్కినచో ఏమగును? ఏ లడ్డు ఎక్కడ ముగిసినదో తెలియక, బూందీ యంతయు ఒక్క ముద్ద యగును. అట్లే తార నడుమ న్యూట్రానుల హద్దులు చెరగిపోయి, క్వార్కుల ముద్ద యేర్పడి యుండవచ్చును. జెనీవా యొద్దను అమెరికాలోను పెద్ద యంత్రములలో బరువైన కేంద్రకములను ఢీకొట్టించి శాస్త్రజ్ఞులు క్వార్కుల ముద్దను సృష్టించిరి. కాని అది లక్షల కోట్ల డిగ్రీల వేడిమి గలది, క్షణములో మాయమగునది. తార గర్భములోని పదార్థము దానితో పోల్చినచో చల్లనిది, స్థిరమైనది. అట్టిదానిని భూమిమీద చేయుట సాధ్యము కాలేదు.

మరి ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చుట యెట్లు? తారను కోసి చూచుట అసాధ్యము. కాని మూటను విప్పకయే లోన నున్నది దూదియో యిసుకయో చెప్పవచ్చును. ఎత్తి చూచి, కొలిచి చూచి, నొక్కి చూచి చెప్పుదుము. శాస్త్రజ్ఞులును ఆ మూడు పనులనే చేసిరి.

మొదటిది తూచుట. 1939లో ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ అను వారు, న్యూట్రానుల నడుమ నెట్టుడు బలము లేదనుకొని లెక్క కట్టగా, న్యూట్రాన్ తార సూర్యుని బరువులో సుమారు 0.7 వంతుకు మించి మోయజాలదని తేలెను. కాని చూడగా తారల బరువు అంతకు చాల హెచ్చుగా నున్నది. కావున న్యూట్రానుల నడుమ నెట్టుడు బలము నిశ్చయముగా గలదు. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక పల్సార్‌ను మిక్కిలి నేర్పుతో తూచిరి. దానికి శ్వేతకుబ్జ మొకటి జంటగా కలదు. పల్సార్ స్పందనలు ఆ జంట ప్రక్కగా వచ్చునప్పుడు, దాని గురుత్వాకర్షణమువలన సెకనులో కొన్ని లక్షల వంతులు ఆలస్యమగును. ఆ యాలస్యమునుబట్టి జంట బరువు, దానినుండి పల్సార్ బరువు తెలియును. అది సూర్యునికి దాదాపు రెండు రెట్లు! 2021లో ప్రకటించిన కొలత ప్రకారము జె 0740+6620 అను పల్సార్ బరువు 2.08 రెట్లు.

ఈ తూనిక యెంత పని చేసినదో చూడుడు. పాఠశాల పోలికను మరల తలచుకొందము. మేడమీద ఇరుకున నున్న విద్యార్థులకు ప్రక్కనే క్రొత్త భవనమున క్రింది గదులు ఖాళీగా దొరికినచో వారు దిగిపోవుదురు, ఒత్తిడి తగ్గును. హైపెరానులు వేరు జాతి కణములు గనుక వానికి క్రింది స్థితులు ఖాళీగా నుండును. కావున న్యూట్రానులు హైపెరానులుగా మారినచో గర్భము మెత్తబడును. మెత్తని గర్భము రెండు సూర్యుల బరువును మోయజాలక కూలి, కృష్ణబిలము కావలసియుండును. కాని ఆ తారలు కూలక యున్నవి! గర్భము మెత్తనిదని చెప్పిన సిద్ధాంతములెన్నో ఆ యొక్క తూనికతో త్రోసివేయబడినవి. హైపెరానులు లోన నున్నచో, వానికిని ఒకదాని నొకటి నెట్టు బలము గట్టిగా నుండవలెను.

రెండవది కొలుచుట. 2017 జూన్ నెలలో నైసర్ అను ఎక్స్ కిరణ దూరదర్శినిని అమెరికావారు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు పంపిరి. కొన్ని పల్సార్లమీద వేడి మచ్చలు కలవు. తార తిరుగుచుండగా ఆ మచ్చలు కనబడుచు మరుగుపడుచు నుండును. గురుత్వాకర్షణము కాంతిని వంచుటచేత, వెనుక ప్రక్కనున్న మచ్చ కూడ కొంత మనకు కన్పట్టును. ఎంత వంగినదో కొలిచి తార పరిమాణమును లెక్కింతురు. 1.4 సూర్యుల బరువు గల ఒక తార యొక్క వ్యాసార్ధము సుమారు 13 కిలోమీటర్లని 2019లో తెలిపిరి. 2021లో, రెండు సూర్యుల బరువు గల తార యొక్క వ్యాసార్ధమును 12, 14 కిలోమీటర్ల నడుమనే యున్నదని తెలిపిరి. బరువు ఒకటిన్నర రెట్లైనను పరిమాణము చెప్పుకొనదగినంత తగ్గలేదు! గర్భము మిక్కిలి గట్టిదని దీనివలన మరల తేలినది.

మూడవది నొక్కి చూచుట. ఆ పని ప్రకృతియే చేసెను. 2017 ఆగస్టు 17వ తేదీన, సుమారు 13 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు న్యూట్రాన్ తారలు ఒకదానినొకటి చుట్టుచు వచ్చి ఢీకొనిన వార్త భూమికి చేరెను. ఆ గురుత్వ తరంగములను అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో పరికరములు పట్టుకొనెను. చంద్రుని యాకర్షణమునకు సముద్రము పోటెత్తినట్లు, చేరువైన తారలు ఒకదాని నొకటి సాగదీయును. మెత్తని బంతి హెచ్చుగను, గట్టి బంతి తక్కువగను సాగును. ఆ తారలు హెచ్చుగా సాగలేదు. కావున అవి మరీ పెద్దవియు కావు, వ్యాసార్ధము 12 కిలోమీటర్లకు అటునిటుగా నుండవలెనని లెక్కించిరి. ఇట్టి పరికరమునే మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించుటకు భారత ప్రభుత్వము 2023లో అనుమతి నొసగినది.

ఈ మూడు సాక్ష్యములను కలిపి చూచినచో, క్వార్కుల ముద్ద యున్నదా లేదా? మిక్కిలి బరువైన తారల నడుమ అది యుండుటకు అవకాశము గలదని 2020లో హెల్సింకీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును వారి సహచరులును వాదించిరి. న్యూట్రానులే చాలునని వాదించువారును కలరు. తీర్పు ఇంకను వెలువడలేదు. అయినను ఏది కాదో మాత్రము నానాటికి తేటపడుచున్నది. ఒక్కొక్క కొలత కొన్ని తప్పు సమాధానములను తొలగించును. ధాన్యమును చేటలో చెరిగినట్లు, శాస్త్రము పొల్లును తొలగించుచు గింజకు చేరువగుచుండును.

విద్యార్థులారా! ప్రత్తి కర్మాగారములో నన్నడిగిన ఆ బాలుడు నేడు ఎక్కడనున్నాడో నేనెరుగను. అతడు మరల వచ్చి యడిగినచో నేనిట్లు చెప్పుదును: "నాయనా! రాతిని నొక్కవచ్చును. పరమాణువును నొక్కవచ్చును. కేంద్రకములను కూడ నొక్కి ఒక్కటి చేయవచ్చును. ఆ పిమ్మట నేమగునో ప్రపంచములో ఎవ్వరికిని నిశ్చయముగా తెలియదు. నీ ప్రశ్న మంచిది. నవ్వినవారిదియు, తొందరపడి బదులు చెప్పిన నాదియు పొరపాటు." ఆ ప్రశ్నకు బదులు చెప్పు భాగ్యము మీలో నొకరికి దక్కవచ్చును. గణితమును శ్రద్ధగా నేర్చుకొనుడు. కాగితముమీద కన్పట్టిన చిన్న గుర్తునైనను తేలికగా త్రోసివేయకుడు. తెలియని దానిని తెలియదని యొప్పుకొనుటకు సిగ్గుపడకుడు.